కిటికీలో గ్లాసు

బొత్తాలక్క చేతిలో ఎప్పుడూ ఒక బొత్తం ఉండేది. మాట్లాడుతున్నంతసేపూ దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ ఉండేది. ఏమీ పాలుపోకపోతే ఇంకా వేగంగా తిప్పేది. భర్త పోయిన ఏడాది ఆ బొత్తానికి క్షణం తీరిక లేదు.

వాలు వీధి అడుగున ఆమెది ఒక ఇరుకు కుట్టు దుకాణం. కొత్త బట్టలు కుట్టేది కాదు. వదులైనవి బిగించడం, బిగుసుకుపోయినవి వదులు చేయడం, చిరిగిన జేబులకు అతుకులు వేయడం, మొరాయించే జిప్పులు మార్చడం ఆమె పని. పక్క గదిలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అందరూ కీ బాబాయి అనేవారు. చొక్కా బొత్తం ఊడిందంటూ ఆయన వారానికోసారి వచ్చేవాడు. ఏం చొక్కాలండీ ఇవి, దారం పట్టి నిలవదు అని ఆమె చాలాకాలం విసుక్కుంది. పని అయ్యాక ఆయనే వాటిని తెంపుకుని వస్తున్నాడని ఒకరోజు గోడ సందులోంచి చూసి తెలుసుకుంది. అడగలేదు. ఆ తర్వాత నుంచి బొత్తాలు కాస్త వదులుగానే కుట్టడం మొదలుపెట్టింది. పెళ్ళయ్యాక వీధి పైకొసన, చెరువు ఒడ్డున ఇంట్లో కాపురం పెట్టారు.

చెరువంటే పొలాలకు నీరిచ్చేది కాదు. మందుల షాపు నడిపే ఒకాయన పడవ నడుపుకోవాలన్న సరదాతో చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట పోయించి కట్టుకున్న చెరువు. చుట్టూ ఇళ్ళు వెలిశాయి. ఆయన పోతూ చెరువును ఆ ఇళ్ళవాళ్ళందరికీ ఉమ్మడిగా రాసి పోయాడు. ఈతలు, గాలాలు, తెడ్ల పడవలు, సాయంత్రం కుర్చీలు వేసుకుని కబుర్లు, వీటికి అందరూ యజమానులే. కట్టకు మాత్రం ఎవరూ యజమాని కారు. అందులో చేయడానికి పనుంటుందని ఎవరికీ తట్టలేదు కూడా. మట్టి కుప్ప, దానిమీద గడ్డి, అంతే కదా అనుకున్నారు.

కీ బాబాయికి తట్టింది. ఆదివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని, చేతికర్రతో కట్ట పొడవునా నడిచేవాడు. ఎలుక బొరియ కనిపిస్తే కర్ర దూర్చి చూసేవాడు. ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు దగ్గర ఆకులు పేరుకుంటే చేత్తో ఎత్తిపోసేవాడు. చేపలు పోకుండా అలుగుకు ఎవరో వల కడితే మారు మాట్లాడకుండా విప్పేసి, మడిచి, వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చాడు. డ్రిల్లు మాస్టారితో అయితే పెద్ద గొడవే అయింది. బడిలో పిల్లల చేత కవాతు చేయించి రిటైరైన ఆయన కట్టమీద కూడా వరసగా పూలమొక్కలు నాటారు. మరుసటి ఆదివారం కీ బాబాయి వాటిని వరసగానే పీకేశాడు. వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయయ్యా అని మాస్టారు. బతికున్నంతకాలం పట్టి ఉంచుతాయి, చచ్చాక కుళ్ళి గొట్టాలవుతాయి, నీళ్ళు వాటిలో దూరతాయి అని ఈయన. కొన్నాళ్ళు ఇద్దరూ ఎదురుపడితే ఆకాశం చూసేవారు.

ఆదివారం నడక అయ్యాక ఆయన కట్ట అడుగుకు దిగి ఒక గాజుగ్లాసులో నీళ్ళు పట్టుకొచ్చి వంటగది కిటికీలో పెట్టేవాడు. మళ్ళీ ఆదివారం దాకా అది అక్కడే ఉండాలి. పొరపాటున ఆమె అందులో నీళ్ళు కుండీకి పోసిందా, చిన్నపిల్లాడిలా అలిగేవాడు. ఒకసారి దాని సంగతేమిటో విడమరచి చెప్పాడు కూడా. అప్పుడామె నోట్లో గుండుసూదులున్నాయి. ఎవరిదో కోటు అంచు మడుస్తోంది. వింటున్నావా అని ఆయన అడిగితే ఊఁ అంది. ఆ ఊఁ ఆమెకు బాగా గుర్తుంది. దానికి ముందు ఆయన ఏం చెప్పాడో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

ఆయన దుకాణంలోనే పోయాడు. కంటికి భూతద్దం అలాగే ఉంది, ముందు ఒక గడియారం విప్పి ఉంది. గోడవతల గడియారాలు ఎప్పటిలాగే టకటకలాడుతుంటే అంతా సవ్యంగానే ఉందనుకుని ఆమె చాలాసేపు కుట్టుకుంటూనే ఉంది. టీ పట్టుకుని వెళ్ళాకే తెలిసింది.

ఆ రోజు ఇల్లంతా జనం. ఎవరేం అడిగినా బొత్తాలక్క తలూపింది. కిటికీ తెరవమంటారా అంటే ఊపింది, మూయమంటారా అంటే మళ్ళీ ఊపింది. ఆ హడావిడిలోనే డ్రిల్లు మాస్టారు పక్కన కూర్చుని, చెరువు సంగతి ఇక ఎవరో ఒకరు చూడాలి కదా, అన్నీ ఆయన పక్కనుండి చూసినవారు మీరే అన్నారు. దానికీ తలూపింది. ఊపినట్టు ఆమెకు తెలియదు. అలా ఆమె చెరువు చూసే మనిషైంది.

తర్వాత నెలలన్నీ ఆమెకు ఒకటే అయోమయం. ఆయన చేసే పనుల్లో ఏది కట్ట కోసం, ఏది తన కోసం? ఆదివారం నడక చెరువు కోసమా, మోకాళ్ళ నొప్పి కోసమా? మొక్కలు పీకింది కట్టమీద ప్రేమతోనా, మాస్టారిమీద మంటతోనా? తూము చక్రం ముందు నిలబడి టీ తాగడం ఏ లెక్కలోకి వస్తుంది? అడగడానికి ఆయన లేడు. ఇంకొకరిని అడుగుదామంటే, అన్నీ తెలిసినదానివి నువ్వే అని అందరూ అనేశాక నోరు పెగల్లేదు. అందుకని చేతనైనవన్నీ చేసింది. గోడ గడియారానికి కీ ఇచ్చింది. ఆయన టోపీ పెట్టుకుని ఆదివారం కట్టమీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. మోకాళ్ళకు బాగానే ఉండేది. కట్ట నడుమ తనంతట తాను మొలిచిన ఒక మొక్కను పీకబోయి, రెండాకులే కదా పాపం అని వదిలేసింది. చెరువు నీళ్ళను కిందికి వదిలే తూము జోలికి మాత్రం పోలేదు. దాని ఇనుప చక్రానికి గొలుసు, గొలుసుకు తాళం. చూస్తేనే భయం వేసింది.

కిటికీలో గ్లాసు లేకపోతే ఆ గూడు పన్నూడిన నోరులా ఉండేది. గ్లాసడుగు మరక ఒక్కటే గుండ్రంగా కనిపిస్తుంటే గిన్నెలు తోముతున్నప్పుడల్లా కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఆయన పోయిన నెల తిరక్కముందే ఒకరోజు ఆ గ్లాసే తీసి, కడిగి, కుళాయి కింద నింపి, మరకమీద సరిగ్గా కుదిరేట్టు పెట్టింది. ప్రాణం కుదుటపడింది. దుమ్ము పడితే పారబోసి మళ్ళీ పట్టేది. ఆయనకో గ్లాసు నీళ్ళు పెట్టినట్టు ఉండేది.

అప్పటినుంచి ఇంకో వింత. పొద్దున్నే బ్రెడ్డు కోసం వెళ్ళేవాళ్ళు, పనులకు పోయేవాళ్ళు ఆమె కిటికీ దగ్గర ఒక్క క్షణం నడక తగ్గించి, లోపలికి చూసి, తృప్తిగా తలాడించి పోయేవారు. మొదట్లో పరదా చిరిగిందేమోనని చూసుకుంది. తర్వాత, ఆయన్ని తలుచుకుంటున్నారు కాబోలు అనుకుంది. ఎంత మంచివాళ్ళు అనుకుని కిటికీ అద్దాలు మరింత శ్రద్ధగా తుడిచేది. డ్రిల్లు మాస్టారు ఒకసారి ఆగి, మీరుండబట్టే మాకు కంటినిండా నిద్ర పడుతోంది అక్కగారూ అన్నారు. తన వల్ల ఎవరికైనా నిద్ర ఎందుకు పడుతుందో ఆమెకు అర్థం కాలేదు. బొత్తం తిప్పుతూ, సంతోషమండీ అంది.

బొత్తాలక్క చెల్లెలు కట్టకు దిగువన మొదటి ఇంట్లో ఉండేది. మొగుడు లారీ తోలేవాడు, ఇంట్లో కంటే రోడ్డుమీదే ఎక్కువ. ఇద్దరు ఆడపిల్లలు. ఎండల్లో కూడా పెరడు పచ్చగా, చల్లగా ఉంటుందని మురిసిపోయి తీసుకున్న ఇల్లు. ఆ చెల్లెలు ఒకరోజు చిరిగిపోయిన స్కూలు సంచి పట్టుకుని దుకాణానికి వచ్చింది. సంచి ఇచ్చి, పోబోతూ గుమ్మంలో నిలబడి అంది.

"అక్కా, మీ చెరువు మా పెరట్లో కాపురం పెట్టేట్టుంది. తీరిక చేసుకుని ఒకసారి వచ్చి చూడు."

బొత్తాలక్క నవ్వింది. కానీ వెళ్ళి చూశాక నవ్వు నిలవలేదు. ఇంటి వెనక కాలవలో నీళ్ళు ఎప్పుడూ పారేవే, కాకపోతే ఇప్పుడవి పాలు పోసిన టీ రంగులో ఉన్నాయి. చెల్లెలి పిల్లలు అందులో కాగితపు పడవలు వదులుతున్నారు. ఇలా ఎన్నాళ్ళుగా అంటే, మొన్నమొన్నటిదాకా బాగానే ఉండేవి అంది చెల్లెలు. ఇది మంచిదా, చెడ్డదా, అసలు ఇది తనకు సంబంధించిన విషయమేనా? ఆయనైతే ఏం చేసేవాడో? ఏమీ తోచక ఆమె మాస్టారింటికి నడిచింది.

మాస్టారు వరండాలో కూర్చుని బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నారు. విని, తేలిగ్గా తీసిపారేశారు. వానకు కొట్టుకొచ్చిన మట్టి అయ్యుంటుందన్నారు. వాన పడి చాలా రోజులైందని ఆమె అంటే, అవును సుమా అని మళ్ళీ బ్రష్షు అందుకున్నారు.

"అయినా మీరొచ్చి నన్నడగడమేమిటి అక్కగారూ? పొద్దున కూడా చూశానుగా, గ్లాసు అద్దంలా మెరుస్తోంది."

"ఏ గ్లాసండీ?"

"మీ కిటికీలోదే."

"దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

ఆమె హాస్యమాడుతోందనుకుని మాస్టారు నవ్వారు. ఆమె మొహం చూసి నవ్వు ఆపేశారు.

"అది కట్టకింద గొట్టం నీళ్ళేగా?"

"కుళాయి నీళ్ళండీ."

"ఎప్పటినుంచి?"

"ఆయన పోయినప్పటినుంచి."

బ్రష్షు మాస్టారి చేతిలోంచి జారి మెట్లమీద దొర్లింది. ఎవరూ తీయలేదు. తర్వాత ఆయన చెప్పిందంతా ఆమెకు నీళ్ళలోంచి వినపడినట్టు వినపడింది. మట్టికట్ట ఎంతోకొంత ఊరుతూనే ఉంటుందట. ఆ ఊట బయటికి రావడానికే అడుగున గొట్టం పెట్టారట. ఊట తేటగా ఉన్నంతవరకూ భయం లేదు. మట్టి మోసుకొస్తోందంటే కట్ట లోలోపల కరిగిపోతోందన్నమాట. కీ బాబాయి అందరికీ ఒకటే మాట చెప్పాడు: దారిలో నా కిటికీ చూసుకుని పొండి, గ్లాసు అడుగున మట్టి పేరితే నన్ను పిలవండి. అందరూ చూసుకునే పోయారు. ఏడాదిగా రోజూ చూశారు.

గుండుసూదులు నోట్లో పెట్టుకుని తను ఊఁ అన్నది బహుశా దీనికే. అలా అనుకున్నా, ఆ మాటలు మాత్రం ఆమెకు అప్పుడూ గుర్తు రాలేదు.

అదే గ్లాసు పట్టుకుని ఇద్దరూ కట్ట అడుగుకు దిగారు. ఏపుగా పెరిగిన గడ్డిలో గొట్టం ఎక్కడుందో మాస్టారికి గుర్తులేదు, ఆమెకు తెలియనే తెలియదు. చప్పుడును బట్టి వెతికి పట్టుకున్నారు. గ్లాసు నింపి వెలుతురుకు ఎత్తితే అవతలున్న మాస్టారి చెయ్యి కనిపించలేదు.

మాస్టారు ఆనకట్టలు తనిఖీ చేసే ఆఫీసుకు ఫోను చేశారు. అవతల ఒక అమ్మాయి ఎత్తింది. గొట్టంలో నీళ్ళు పెరిగాయా, కట్టమీద ఎక్కడైనా కుంగిందా, నెర్రెలు పడ్డాయా అని ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. ఏమో, తెలియదు, చూడలేదు అనే మూడు జవాబులే ఉన్నాయి వీళ్ళ దగ్గర. అయితే ముందు దిగువనున్న వాళ్ళను పైకి తీసుకురండి, నేను బయల్దేరుతున్నాను అంది.

ఆ మాట చెప్పడానికి బొత్తాలక్కే వెళ్ళింది. చెల్లెలు పొయ్యి ఆపి, పిల్లల చేతులు పట్టుకుని, ఇంకేమీ అడక్కుండా అక్క వెంట నడిచింది. మాస్టారు పక్కిళ్ళ తలుపులు తట్టుకుంటూ పోయారు. పైకి వచ్చి వంటగదిలో కూర్చున్నాక బొత్తాలక్క జరిగిందంతా దాచకుండా చెప్పింది. చెల్లెలు కిటికీ వైపే చూస్తూ వింది. బురద గ్లాసు అక్కడ ఉంది. అడుగున అప్పటికే మట్టి పేరడం మొదలైంది.

"అంటే నువ్వు బావకు నీళ్ళు పెట్టుకున్నావు. అవి చూసి అందరూ నిద్రపోయారు. నా పిల్లలు దాని కింద పడుకున్నారు."

"నాకు తెలియదే."

"తెలియదని ఎవరికైనా చెప్పావా?"

చెల్లెలు పిల్లలను తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తనిఖీ అమ్మాయి మోకాళ్ళదాకా బూట్లు వేసుకుని వచ్చింది. కట్టంతా తిరిగి, గడ్డిలో వంగి చూసి, తూము కొంచెం తెరవాలి, ఒక్కసారిగా కాదు, నీళ్ళు మెల్లగా దిగాలి, లేకపోతే లోపలివైపు మట్టి జారుతుంది అంది. తాళంచెవి అడిగింది. బొత్తాలక్క ఆయన తాళంచెవుల గుత్తి తెచ్చింది. అందులో సగం గడియారాలకు కీ ఇచ్చేవే. ఏది దేనిదో తెలియక ఒక్కొక్కటే దూర్చి చూసింది. ఒక్కటీ పట్టలేదు. చివరికి ఆ అమ్మాయి కారులోంచి ఇనుము కోసే పెద్ద కత్తెర తెచ్చి గొలుసు తెంపింది. తెంపాక చూస్తే, తాళంచెవి తూము స్తంభం వెనకవైపు మేకుకు వేలాడుతోంది.

ఏడాదిగా ఎవరూ కదపని చక్రం మొరాయించింది. నూనె పోశారు. మాస్టారు ఒకటి, రెండు అని కవాతు లెక్క పెడుతుంటే ఇళ్ళవాళ్ళందరూ చేతులు వేశారు. ఎటు తిప్పితే తెరుచుకుంటుందో అక్కడ ఎవరికీ తెలియదు. సగంమంది అటు, సగంమంది ఇటు లాగుతున్నారని ఆ అమ్మాయి గమనించి ఆపించి, ఇటు అని చూపించింది. అప్పుడు కదిలింది. దూరంగా, పక్కకు తవ్విన కాలవలో నీళ్ళు పడ్డ చప్పుడు వినిపించింది.

తర్వాత రోజుల్లో చెరువు మెల్లగా దిగిపోయింది. ఊట ఉన్న చోట ఇసుక, దానిమీద కంకర కుప్పలుగా పోయించారు, నీళ్ళు పోవాలి, మట్టి ఆగాలి అని. అడుగున ఎప్పటివో తెడ్లు, ఒంటి చెప్పులు, ఒక కుర్చీ బయటపడ్డాయి. ఆయన పడవలోంచి జారవిడుచుకున్న కళ్ళద్దాలు దొరుకుతాయేమోనని బొత్తాలక్క ఒడ్డున నిలబడి చూసేది. దొరకలేదు.

ఎందుకిలా జరిగిందని అందరూ తనిఖీ అమ్మాయిని అడిగారు. ఎలుకలు కావచ్చు, పాత వేళ్ళు కావచ్చు, కట్టేటప్పుడే మట్టి సరిగా దిమ్మిస కొట్టలేదేమో, తవ్వి చూసినా ఇదేనని చెప్పలేనేమో అంది. అంటే ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో ఎవరికీ తెలియలేదు. పూర్వం తను నాటిన మొక్కల వేళ్ళేమోనని మాస్టారు కుమిలిపోయారు. తను వదిలేసిన మొక్కేమోనని బొత్తాలక్క ఆ అమ్మాయిని తీసుకెళ్ళి చూపించింది. ఆమె దాన్ని రెండు వేళ్ళతో పీకి, ఇది చంటిపిల్లండీ, దీనికంత శక్తి లేదు, కానీ ఇంకోసారి వదలొద్దు అంది. బొత్తాలక్క తలూపబోయి ఆగింది.

"ఎందుకు వదలకూడదో నాకోసారి చెప్పమ్మా. మళ్ళీ చెప్పించుకున్నా విసుక్కోకు."

అదే మొదలు. ఆ తర్వాత ఆమె తెలియదు అని చెప్పడంలో సిగ్గు మానేసింది. కట్టను తవ్వి మళ్ళీ పోస్తున్నన్నాళ్ళూ కుట్టు దుకాణం మధ్యాహ్నాలు మూసి, అక్కడే నిలబడి ప్రశ్నలు వేసేది. ఒకే ప్రశ్న రెండుసార్లు వేసేది. అర్థమైందా అంటే, సగం అనేది. ఇంకెవరూ ఆమెను తెలిసిన మనిషి అనలేదు. ఆదివారం నడక ఒక్కరి పని కాదని ఇళ్ళవాళ్ళందరూ వంతులు వేసుకున్నారు. మాస్టారు ఈల వేసి మరీ లేపేవారు.

చెల్లెలు మాత్రం కిందికి దిగలేదు. పక్క గదిలోనే సర్దుకుంది. మాటలు అవసరానికే. పిల్లలు మాత్రం పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ ఆమె బొత్తాల డబ్బా బోర్లించుకుని ఆడుకునేవారు. కట్ట పూర్తయింది. వానలకు చెరువు నిండింది. దిగువ ఇళ్ళవాళ్ళంతా తిరిగి తమ ఇళ్ళకు దిగిపోయారు. అడిగితే చెల్లెలు, చూద్దాంలే అనేది. ఆ గొంతులో కోపం లేదు. అది ఉన్నా బొత్తాలక్కకు కాస్త తేలిగ్గా ఉండేది.

బొత్తాలక్క ఇప్పుడు ఆదివారంనాడు గొట్టం దగ్గర గ్లాసు నింపి తెచ్చేది. కానీ కుళాయి గ్లాసు మానడానికి మనసొప్పలేదు. ఆయనకిది అలవాటైపోయిందే అనుకుంది. అందుకని అలాంటి ఇంకో గ్లాసు కొని, కిటికీలో పక్కపక్కన రెండూ పెట్టింది. ఏది కట్టదో, ఏది ఆయనదో వీధిలో అందరికీ పిలిచి మరీ చెప్పింది. కుడివైపుది కట్టది.

ఒక సాయంత్రం పిల్లలు పరదాతో దోబూచులాడి కిటికీ గూడంతా కలగాపులగం చేశారు. బొత్తాలక్క వచ్చేసరికి రెండు గ్లాసులూ ఒకదానికొకటి ఆనుకుని ఎడంవైపున ఉన్నాయి. ఒకటి ఎత్తి వెలుతురుకు పెట్టింది. రెండోది పెట్టింది. అడుగులు చూసింది. వాసన చూసింది. చేతిలో బొత్తం గిరగిరా తిరిగింది. పొయ్యి దగ్గర నుంచి చెల్లెలు చాలాసేపు చూసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఏది కట్టది?"

"తెలియట్లేదే."

చెల్లెలు రెండూ తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. ఎండలో ఒకదాని వెనక ఒకటి పట్టుకుని చూసింది. రెండింటి అవతల వీధి, దిగువన తన ఇంటి కప్పు తేటగా కనిపించాయి. తిరిగొచ్చి గ్లాసులు గూట్లో పెట్టింది, ఏది ఎటు పెట్టిందో చూసుకోకుండానే.

"నిజంగా తెలియట్లేదా?"

"ఒట్టు. నాకేమీ తెలియట్లేదు."

"సరే అయితే," అంది చెల్లెలు. "పిల్లల బట్టలు సర్దుతాను. నువ్వు ఆ పరుపు చుట్టు, పొద్దున్నే దిగిపోతాం."